ముడి జట్టు గెలిచిన ఏడాది

ఫిబ్రవరి 11

చెల్లీ,

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పినదాంట్లో సగం నాకు వినపడలేదు. వినపడినట్టు "ఊఁ ఊఁ" అన్నానంతే. చెవి డాక్టరు చూసి ఎడమ చెవి ఇక ఇంతేనన్నాడు. ఇరవై రెండేళ్ళు టికెట్ల కిటికీలో కూర్చున్నాను, సరిగ్గా నెత్తిమీద లౌడ్‌స్పీకరు. ఆ చెవి జట్టుకి రాసిచ్చేశాననుకో. ఇకమీదట మనకి ఉత్తరాలే గతి. నీ కోడిగీతలు నేను కాక ఇంకెవరు చదువుతారు.

విషయానికొస్తా. మన ముడి జట్టు ఆదివారం కూడా గెలిచింది. వరసగా ఆరు. పట్టికలో మొదటి స్థానం. కిందనుంచి కాదు, పైనుంచే. ఇంకో పది మ్యాచ్‌లు ఇలాగే ఆడితే పై డివిజన్‌కి ఎక్కేస్తాం. నాన్న తాళ్ళ ఫ్యాక్టరీలో పనికి చేరిన ఏడు జట్టు ఒకసారి ఎక్కి, మరుసటి ఏడే దిగొచ్చింది. మళ్ళీ ఇన్నాళ్ళకి.

ఇదంతా పరుపుల ఆసామి చలవే. పోయిన వేసవిలో జట్టుని కొన్నాడు కదా, పరుపుల కంపెనీ ఆయన. ఆటగాళ్ళని కొన్నాడు, కోచ్‌ని తెచ్చాడు, గడ్డి మార్చాడు. ఇప్పుడు గుర్తు కూడా మార్చాడు. సోమవారం పొద్దున ఇద్దరు మనుషులు గునపాలతో వచ్చి నా కిటికీ పైనున్న ఇనప ముడిని పీకేశారు. జట్టు పెట్టిన తాళ్ళ ఫ్యాక్టరీవాళ్ళు స్వయంగా పోతపోసి పెట్టింది. దాని జాగాలో డేగ బొమ్మ బిగించారు. జెర్సీ నారతాడు రంగు పోయి నీలం వచ్చింది. జట్టు పేరు చివర కూడా డేగలని తగిలించారు. నా ఎదుటే లైన్లో నిలబడ్డ ఒకాయన "ఈ జట్టుకి ముందు గుర్తేమిటండీ?" అని పక్కాయన్ని అడిగాడు. ఆ పక్కాయన "తెలీదండీ, నేనూ రావడం ఇదే మొదలు" అన్నాడు.

నాకు సంతోషంగా లేదని కాదు. గోల్ పడితే గుండె ఎప్పట్లాగే ఎగురుతుంది. మరుక్షణం ఎవరింటి పెళ్ళికో పిలవకుండా వెళ్ళి భోంచేసినట్టుంటుంది. ఇది నీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను.

మా ఇంటి కింది వాచీల కొట్టాయన గడియారాలన్నీ ఒకేసారి కొట్టకుండా సరిచేశాడు. ఇప్పుడు పన్నెండు కొట్టడానికి పావుగంట పడుతోంది.

నీ కిటికీ అక్క


ఫిబ్రవరి 20

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటి స్థానం అన్న చోట ప్రతిసారీ ఆగాను.

ఇక్కడ నా సంగతి నీకు తెలుసు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎక్స్‌రే గదిలో "ఊపిరి బిగబట్టండి, ఇక వదలండి" అనడమే నా ఉద్యోగం. మొన్న ఒక పెద్దాయన "నా ఎముకల్లో అబద్ధం కనిపిస్తుందా తల్లీ?" అని అడిగాడు. ఏం అబద్ధమాడాడో చెప్పలేదు. ఆదివారం మ్యాచ్ చూస్తున్నంతసేపూ నేనే ఊపిరి బిగబట్టాను. వదలమనేవాళ్ళు లేరు.

ఈ ఇంట్లో పదిహేనేళ్ళుగా ఏం భరించానో నీకు చెప్పాలా? మీ మరిది గెలిచే జట్లనే ఏరుకుని అభిమానించే మనిషి. మన జట్టు ఓడిన ప్రతి ఆదివారం "మీ తాళ్ళవాళ్ళు ఇవాళ ఎన్ని తిన్నారు?" అని అడిగేవాడు. ఇప్పుడు నోరెత్తడం లేదు. నిన్న "ఆ నీలం జెర్సీ బాగుంది" అని కూడా అన్నాడు.

గుర్తు మారితే ఏం పోయిందక్కా? ముడిని పట్టుకుని ముప్పై ఏళ్ళు వేలాడాం. "ముడి జట్టుకి ముడి విప్పడం రాదు" అని పక్క ఊరివాళ్ళు పాడుతుంటే నాన్న మొహం ఎలా మాడిపోయేదో మర్చిపోయావా? ఆయన బతికుంటే ఈపాటికి వీధంతా గంతులేసేవాడు. నువ్వు ఏమీ అనుకోనంటే ఒకమాట. నీకు ఓటమి అలవాటైపోయింది. గెలుపు కొత్త చెప్పులాగా కరుస్తోంది. నాలుగు రోజులు నడిస్తే అదే సర్దుకుంటుంది.

చెవికి ఇంకో డాక్టర్ని చూడు. ఇక్కడి ఆయన పేరు పంపనా?

గెలిచే జట్టు తాలూకు,
నీ చెల్లి


మార్చి 6

చెల్లికి,

నాకు ఓటమి అలవాటైందన్నావు. అయింది. ఓడిన రోజున కిటికీ మూసి లెక్క అప్పజెప్పి వచ్చేసరికి తూర్పు మెట్ల దగ్గర నాన్న, తాళాల మావయ్య, తక్కినవాళ్ళంతా నాకోసం ఆగి ఉండేవాళ్ళు. నడుచుకుంటూ ఇంటిదాకా రిఫరీని తిట్టుకుంటూ వచ్చేవాళ్ళం. అందరికంటే గట్టిగా తిట్టేది నువ్వే. నాకు అలవాటైంది అది. ఓటమి కాదు. నాన్న గంతులేసేవాడో లేదో నాకు తెలీదు, నీకూ తెలీదు. పోయిన మనిషిని మన పక్షానికి లాక్కోవద్దు.

ఇక అసలు సంగతి. తూర్పు మెట్లు పడగొట్టేస్తున్నారు. సీజన్ అయిపోగానే. పై డివిజన్‌లో నిలబడి చూసే జాగాలు ఉండకూడదట, అందరికీ కుర్చీలు ఉండాలట. సరే, అది రూలు. కానీ అప్పుడే మొదలెట్టేశారు. మార్చి ఒకటి నుంచి తూర్పు వైపుకి కార్డున్నవాళ్ళే రావాలి. కార్డులు కంప్యూటర్లో ఇచ్చారు, ఒక్క పూటలో చెల్లిపోయాయి. తక్కిన వైపుల టికెట్లు మనవాళ్ళకి అందే ధరలో లేవు.

తాళాల మావయ్య నీకు గుర్తున్నాడుగా. తాళ్ళ జట్టుకి తాళాల మావయ్య అని నాన్న ఎగతాళి చేసేవాడు. స్టేడియం గోడ వెనక సందులో ఆయన తాళాల మరమ్మతు కొట్టు ఇంకా ఉంది. ఆదివారం ఎప్పట్లాగే మధ్యాహ్నం కిటికీ దగ్గరికొచ్చాడు.

"అమ్మడూ, ఒకటి కొట్టు" అన్నాడు.

"కార్డుండాలి మావయ్యా."

"ఎక్కడిస్తారు?"

"ఇవ్వడం అయిపోయింది."

"ఎవరు కొన్నారు?"

"నాకేం తెలుసు మావయ్యా."

"కిటికీలో కూర్చున్నదానివి నీకే తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే అడిగాడు. వెనక లైన్లో జనం తొందరపెడుతున్నారు. ఆయన పక్కకి జరిగి, టోపీ తీసి చేత్తో పట్టుకుని గోడకానుకుని నిలబడ్డాడు. ఆయన పక్కనే ఇంకొకరు, ఇంకొకరు. నేను టికెట్లు కొడుతూనే ఉన్నాను. ఆ వరసకేసి చూడకూడదనుకుంటూనే చూశాను.

గడ్డి కోసే బండి వచ్చే పక్క తలుపు తాళంచెవి నా గదిలో మేకుకే ఉంటుంది. నీకు దాచడం ఎందుకు, మ్యాచ్ మొదలైన పది నిమిషాలకి కిటికీ మూసి, వెళ్ళి ఆ తలుపు తీశాను. పదకొండు మంది. చూసుకుంటే సరిగ్గా ఒక జట్టు. చేతికర్ర మీద వచ్చినాయన్ని గోల్‌కీపర్‌గా వేసుకోవచ్చు. తూర్పు మెట్ల మీద చివర్న ఖాళీ ఎటూ ఉంది, కార్డులు కొన్నవాళ్ళు సగంమంది రాలేదు. ఎవరి జాగా కూడా పోలేదు.

రెండు సున్నాతో గెలిచాం. తర్వాతి మ్యాచ్‌కి కూడా తీస్తాను.

అక్క


మార్చి 17

అక్కా,

నీకేమైనా మతిపోయిందా? ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. నీకు అదొక్కటే ఆధారం. ఎవరైనా చూస్తే? నువ్వు ఎంత మంచి మనసుతో చేసినా అది దొంగతనమే. టికెట్లమ్మే మనిషే దొంగదారిలో పంపిస్తే కొత్తవాళ్ళు ఊరుకుంటారా?

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని రోజంతా పనిచేశాను. ఒకావిడ భుజానికి తీయాల్సింది, మోచేతికి తీశాను. మళ్ళీ తీయాల్సొచ్చింది. ఆవిడ "మీ ఇంట్లో ఎవరికైనా బాగాలేదా?" అని అడిగింది.

మావయ్యని తలుచుకుంటే నాకూ బాధే. కానీ ప్రతిదానికీ తలుపు తీయడమే దారా? అడగొచ్చు కదా. మర్యాదగా, నలుగురికీ తెలిసేలా. నువ్వు అడగవు. నీకు అడగడం చిన్నతనం. అందుకని నేను ఒక పని చేశాను. ఇప్పుడు చెప్పను. జరిగితే నీకే తెలుస్తుంది, సంతోషిస్తావు.

మీ మరిది నీలం జెర్సీ కొనుక్కున్నాడు. పొట్ట దగ్గర డేగ సాగి బాతులాగుంది.

దయచేసి ఆ తలుపు ఇంక తీయకు.

నీ చెల్లి


ఏప్రిల్ 2

నువ్వు చేసిన పని చూశాను.

పెద్ద గేటు పైన కట్టారు. రెండంతస్తుల ఎత్తు ఫ్లెక్సీ. నాన్న. తూర్పు మెట్ల మీద ఇనప స్తంభం పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో. ఆ ఫోటో నా దగ్గరొకటి, నీ దగ్గరొకటి తప్ప లోకంలో ఇంకోటి లేదు. నేను ఇవ్వలేదు.

ఫోటోలో నాన్న నారతాడు రంగు జెర్సీ వేసుకున్నాడు కదా. అది నీలం చేశారు. ఛాతీ మీద ముడి తీసేసి డేగ పెట్టారు. నాన్న నవ్వు మాత్రం అలాగే ఉంచారు. కింద పెద్ద అక్షరాలు: "ఓడినా వదల్లేదు మా నాన్న." ఆ మాట నీదేనని చూడగానే తెలిసింది. నీ మాటతీరు నాకు తెలీదా.

ఇంకో సంగతి. మార్చి ఇరవై ఏడున నన్ను పనిలోంచి తీసేశారు. మేనేజరు చాలా మర్యాదగా మాట్లాడాడు. పక్క తలుపు సంగతి తమకి తెలిసిందన్నాడు. నువ్వు వాడిన మాటే వాడాడు, దొంగతనమని. ఎలా తెలిసిందని నేను అడగలేదు. దారిలో ఆలోచించుకున్నాను. ఆ తలుపు సంగతి నేను కాగితం మీద పెట్టింది ఒక్కరికే.

తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చేశాను. పోలీసులకి చెప్పలేదు, అది తమ దయ అన్నారు. కిటికీలోకి ఒక మిషను వస్తుందట.

ఫ్లెక్సీ కిందనుంచే రోజూ కూరగాయలకి వెళ్ళాలి. నాన్న ఆ రంగులో ఎవరో పక్కింటాయనలా ఉన్నాడు.

అక్క


ఏప్రిల్ 8

అక్కా, అక్కా,

మొదట జరిగింది జరిగినట్టు చెప్తాను. తర్వాత నీ ఇష్టం.

నీ మార్చి ఉత్తరం చూశాక భయమేసి క్లబ్బుకి ఉత్తరం రాశాను. తూర్పు మెట్ల మీద యాభై ఏళ్ళుగా నిలబడ్డవాళ్ళున్నారని, ఆఖరి మ్యాచ్‌కైనా వాళ్ళకి చోటివ్వమని. నాన్న గురించి రాశాను. ఫోటో పెట్టాను, చూస్తే మనసు కరుగుతుందని. వారం తర్వాత ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఎంత తియ్యగా మాట్లాడిందో. "మీ ఉత్తరం చదివి ఆఫీసులో అందరం ఏడ్చామండీ. ఫోటో వాడుకోవచ్చా?" అంది. వాడుకోండి అన్నాను. గర్వంగా అన్నానక్కా, అదీ దాచను. జెర్సీ రంగు మారుస్తారని నాకు చెప్పలేదు. చెప్పుంటే ఒప్పుకునేదాన్ని కాదు. పెద్దవాళ్ళకి చోటు గురించి అడిగితే "పై వాళ్ళకి చెప్తాం" అంది. అంతే.

ఇక రెండోది. నీ ఉత్తరం రాగానే నా చిత్తుప్రతి తీసి చదివాను. తలుపు సంగతి నేను రాయలేదు. ప్రమాణంగా రాయలేదు. కానీ ఒక వాక్యం ఉంది. ఉన్నది ఉన్నట్టుగా కింద రాస్తున్నాను: "అక్కడే పనిచేసే మా అక్క పాతవాళ్ళెవరూ గోడ బయట నిలబడిపోకుండా తన చేతనైనంత చూసుకుంటుంది." నిన్ను మెచ్చుకుంటున్నాననుకుని రాశాను. ఇప్పుడు చదివితే వేలెత్తి చూపించినట్టుంది. ఆ ఒక్క వాక్యం పట్టుకుని వాళ్ళు వెతికారేమో. నాకు తెలీదు. తెలిసేదాకా నిద్రపట్టదు, తెలిస్తే అసలే పట్టదు.

ఫ్లెక్సీ తీసేయమని మళ్ళీ రాశాను. జవాబుగా ఆఖరి మ్యాచ్‌కి రెండు ఆహ్వానాలు పంపారు. మొదటి వరస. మనిద్దరికీ. ఆ ఇరవై ఆరున గెలిస్తే పై డివిజన్. నేను వస్తున్నాను. పొద్దున్నే మీ ఇంటికొస్తాను. నువ్వు నన్ను కొట్టు, తిట్టు, కానీ నా పక్కన కూర్చో. నువ్వు లేకుండా ఆ కుర్చీలో ఎలా కూర్చోను?

మీ మరిదికి నీ ఉద్యోగం సంగతి చెప్పలేదు. చెప్తే "గెలిచే జట్టుకి క్రమశిక్షణ ఉండాలి" అంటాడు. అది వింటే ఏం చేస్తానో నాకే తెలీదు.

చెల్లి


ఏప్రిల్ 19

అక్కా,

జవాబు లేదు. పోస్టులో పోయిందా అని ఒక మనసు, రాయలేదని ఒక మనసు. రైలు పొద్దున ఎనిమిదికి దిగుతుంది. నేరుగా ఇంటికే వస్తాను. టీ కూడా పెట్టొద్దు. తలుపు తీస్తే చాలు.

చెల్లి


ఏప్రిల్ 29

అక్కా,

నీ తలుపుకి తాళం ఉంది. మెట్ల మీద రెండున్నర గంటలు కూర్చున్నాను. వాచీల కొట్టాయన స్టూలు తెచ్చి వేశాడు. "ఎప్పుడు వెళ్ళిందండీ?" అంటే "ఇప్పుడే వెళ్ళిందమ్మా" అన్నాడు, ఆ "ఇప్పుడే" కూడా ఆయన గడియారాల్లాంటిదే. కింద వీధంతా నీలం రంగు పోటెత్తుతోంది. పదకొండింటికి లేచాను.

గెలిచామా లేదా అని నువ్వు అడగవు. ఒకటి సున్నా. గెలిచాం. ఎక్కాం. నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నేను చెప్పాల్సింది అది కాదు.

సగం ఆట అయ్యాక ఆ ఫోన్ అమ్మాయి వచ్చింది. "మైదానంలోకి రండి, రెండు నిమిషాలు, చెయ్యి ఊపితే చాలు" అంది. రానని చెప్పాలని నోరు తెరిచాను. లేచి ఆమె వెంట నడిచాను. ఎందుకో నాకిప్పటికీ తెలీదు. గడ్డి మీద అడుగుపెట్టడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. మైకులో నాన్న పేరు తప్పుగా పలికారు. జనం చప్పట్లు కొట్టారు. నేను చెయ్యి ఊపానక్కా. నవ్వుతూ ఊపాను. తూర్పు మెట్ల వైపు చూస్తే అంతా కొత్తవాళ్ళే, ఫోన్లు పైకెత్తి నన్ను తీస్తున్నారు. మావయ్య ఎక్కడైనా కనిపిస్తాడేమోనని వెతికాను. చెయ్యి మాత్రం ఊగుతూనే ఉంది.

తర్వాత ఎనభయ్యో నిమిషంలో గోల్. నా ఎదురుగానే పడింది. చుట్టూ అందరూ లేచారు. నేను లేవలేదు. లేవలేకపోయాను. ఇన్నేళ్ళు దేనికోసం ఎదురుచూశానో అది కళ్ళముందు వల్లో పడి ఉంది, నా కాళ్ళు నా మాట వినలేదు. పక్క కుర్చీ ఖాళీ. దాని అవతలి కుర్చీలో ఆవిడ, నీలం శాలువా, మొహమంతా వెలుగు, నావైపు తిరిగి జాలిగా అడిగింది: "మీరు అవతలి జట్టా అండీ?"

కాదండీ అన్నాను. ఆవిడ నమ్మలేదు.

తిరుగు రైల్లో ఒకటి తెలుసుకున్నాను. నేను ఈ గెలుపు ఎందుకు కావాలనుకున్నానంటే, ఇక్కడ నాకంటూ ఎవరూ లేరు. పదిహేనేళ్ళయింది. ఆసుపత్రిలో అందరూ మంచివాళ్ళే, ఒక్కరింటికీ నేను వెళ్ళను. ఇంట్లో మేమిద్దరం మాట్లాడుకునేది ఆదివారం స్కోరు గురించే. ఓడితే ఆయన వెక్కిరిస్తాడు, నేను తిడతాను, అదే మా కాపురం. మన జట్టు గెలిస్తే ఆయన ముందు నా మనుషులు గెలిచినట్టుంటుందని ఆశపడ్డాను. గెలిచింది. ఇంటికొచ్చేసరికి ఆయన డేగ జెర్సీ వేసుకుని తలుపు తీసి "మనం ఎక్కాం" అన్నాడు. మనం అట. నేను చెప్పులు విడిచి స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. ఇప్పుడిక మాకు పోట్లాడుకోవడానికి కూడా ఏమీ లేదు.

నీ ఉద్యోగం నావల్లే పోయిందా? అవును, కాదు, ఏదో ఒకటి రాయి. కాగితం మీద ఒక్క మాట రాసి పంపినా చాలు.

చెల్లి


మే 5

చెల్లీ,

కాదు. నువ్వు అడిగిన ఒక్క మాట ముందే రాసేశాను, ఇక నెమ్మదిగా చదువు.

గేటు కాపలాదారు, పొడుగాయన, ఎప్పుడూ నాకు నమస్తే పెట్టేవాడు, ఆయన చెప్పాడు. పక్క తలుపు మీద కెమెరా బిగించి అప్పటికి నెలన్నర అయిందట. నేను సరిగ్గా దానికిందే నిలబడి, మనుషుల్ని లెక్కపెట్టి మరీ పంపాను. వాళ్ళకి నీ వాక్యం అక్కర్లేదు. నిన్ను అనుమానించిన నెలరోజులకి నేను సిగ్గుపడుతున్నాను. దొంగతనమన్న మాటకి మాత్రం నాకింకా మంటగానే ఉంది. అది చల్లారడానికి టైము పడుతుంది, పట్టనీ.

ఇప్పుడు నా సంగతి. నువ్వు నీ చెయ్యి ఊపిన సంగతి చెప్పావు కాబట్టి నేనూ చెప్పాలి. నువ్వు మా మెట్ల మీద కూర్చున్నంతసేపూ నేను ఎదురు వరసలో రొట్టెల దుకాణంలో ఉన్నాను. అద్దంలోంచి నిన్ను చూశాను. సన్నబడ్డావు. స్టూలు మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఎవరైనా మెట్లెక్కితే చాలు లేచి నిలబడుతున్నావు. మూడుసార్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళాను. నువ్వు లేచి వెళ్ళిపోయాక ఆ స్టూలు తెచ్చి ఆయనకి ఇచ్చింది నేనే. ఆయన స్టూలు అందుకుని గడియారాల వైపు తిరిగాడు. ఒక మాట అనుంటే బాగుండేది.

మ్యాచ్ టైముకి మావయ్య కొట్టుకి వెళ్ళాను. ఆ పదకొండుమందీ అక్కడే చేరారు. రేడియో ఉంది గానీ ఎవరూ పెట్టలేదు. గోడకి అవతల వైపు మన తూర్పు మెట్లు, ఇవతల మేం, మధ్య జానెడు ఇటుక. నేను లోలోపల ఓడిపోవాలని కోరుకున్నాను. ఓడితే మెట్లు మిగులుతాయని, మిషను పోయి మనుషులు వస్తారని, ఏదేదో. నాన్న జట్టు ఓడిపోవాలని కోరుకోవడం నా జన్మలో మొదటిసారి. నువ్వు ఎముకల్లో అబద్ధాల సంగతి రాశావు చూడు, ఆ పూట నన్ను నీ మిషను కింద నిలబెడితే అంతా కనిపించేది.

అప్పుడు హోరు వచ్చింది. ఆ హోరు చచ్చిన చెవికి కూడా వినిపించింది. అవతలివాళ్ళ గోల్‌కి అలా రాదు, తెలుసుగా, మనదైతేనే అలా వస్తుంది. చెల్లీ, నేను అరిచాను. గొంతు చిరిగేలా అరిచాను. మావయ్యని పట్టుకుని ఎగిరాను. చేతికర్ర ఆయన కర్ర పారేసి ఇంకెవరినో కౌగలించుకున్నాడు. తాళాలన్నీ కొక్కేలకి గలగలలాడాయి. అరనిమిషం ఉంటుందేమో. తర్వాత ఒక్కొక్కళ్ళమే ఆగిపోయాం. ఎవరి మొహం ఎవరూ చూడలేదు.

మావయ్య పేవ్‌మెంట్ అంచున కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకుని, "ఎందుకు అరిచామే?" అన్నాడు.

"ఏమో మావయ్యా."

"వాళ్ళు మనవాళ్ళు కాదుగా."

"కాదు."

"మరి?"

నీ కాళ్ళు లేవలేదు, నా గొంతు ఆగలేదు. ఇద్దర్నీ కలిపితే సరిపోయే అభిమాని ఒకరు తయారవుతారేమో.

సోమవారం పొద్దున పదింటికి మావయ్యా నేనూ నిచ్చెన భుజాన వేసుకుని పెద్ద గేటుకి వెళ్ళాం. పట్టపగలే. నాన్నని దించుకొచ్చేద్దామని. ఎవరడ్డొచ్చినా సరే ఎక్కడమేనని ముందే అనుకున్నాం, ఆయన ఎక్కాలా నేను ఎక్కాలా అని దారంతా వాదించుకున్నాం. వెళ్ళి చూస్తే అక్కడ నాన్న లేడు. పరుపుల ఆసామి ఉన్నాడు. కప్పు పట్టుకుని నవ్వుతున్నాడు. కాపలాదారుని అడిగితే "పాతవన్నీ పొద్దున్నే లారీలో వేసుకుపోయారమ్మా" అన్నాడు. ఎక్కడికో ఆయనకీ తెలీదు. నిచ్చెన పట్టుకుని నడిరోడ్డు మీద ఇద్దరం నిలబడ్డాం. బస్సువాడు హారన్ కొట్టాడు. మావయ్య ముందు నవ్వాడు, తర్వాత నేను. నవ్వు ఆగాక నిచ్చెన మళ్ళీ భుజాన వేసుకుని వెనక్కి నడిచాం.

మావయ్యావాళ్ళు మునిసిపాలిటీ మైదానంలో ముడి పేరుతో కొత్త జట్టు పెడతారట. గోల్‌కీపరు చేతికర్ర ఆయన కాదులే, కుర్రాళ్ళు దొరికారు. నన్ను టికెట్ల బల్ల దగ్గర కూర్చోమంటున్నారు. నేనింకా సరేననలేదు. దాన్ని కూడా ప్రేమిస్తానో లేదో తెలీదు. అదెలాగూ ఓడుతుంది, ఆ మాత్రం ధైర్యం ఉంది. ఉద్యోగానికి బస్టాండులో అడిగాను, రిజర్వేషన్ కౌంటరు. మళ్ళీ కిటికీయే. వచ్చే వారం రమ్మన్నారు. పై డివిజన్ మొదటి మ్యాచ్ ఎవరితోనో కూడా పేపర్లో చూశాను. చూడకూడదనుకున్నాను, చూశాను.

నీ ఇంటి సంగతి రాశావు. పదిహేనేళ్ళుగా నీకు వారం వారం ఉత్తరమో ఫోనో చేసినదాన్ని, నీకక్కడ ఎవరూ లేరని నాకు తెలీదు. ఎప్పుడైనా అడిగానా అని ఆలోచించాను. మన పాత ఉత్తరాల కట్ట తీసి చదివాను. అన్నిట్లో స్కోర్లే ఉన్నాయి. ఎవరికి మోకాలు దెబ్బతిందో, ఏ రిఫరీ కళ్ళు మూసుకున్నాడో, అంతా ఉంది. నువ్వు ఎలా ఉన్నావో ఒక్క దాంట్లోనూ లేదు. నేనెలా ఉన్నానో కూడా లేదు.

రా. సెలవు పెట్టుకుని, మీ ఆయనకి ఏదో ఒకటి చెప్పి, నాలుగు రోజులుండేలా రా. ఆదివారం మాత్రం వద్దు. మ్యాచ్ లేని రోజు చూసుకుని రా. ఏం మాట్లాడుకుంటామో నాకూ తెలీదు. కుడి చెవి వైపు కూర్చో.

అక్క